ఒక్క మెడ పార్టీ

బాలచంద్ర పొద్దున లేచేముందు గట్టిగా దగ్గుతాడు. అది జలుబు దగ్గు కాదు, మర్యాద దగ్గు. దగ్గి, దిండు పక్కనున్న ఫోను తడుముకుని, పార్టీ గ్రూపులో ‘లేస్తా ఉండా’ అని పెడతాడు. కాసేపు ఆగుతాడు. అవతల సూళ్లూరుపేటలో, పలమనేరులో, ఎక్కడో శ్రీకాకుళంలో అందరూ ఫోను చూసుకోవాలి కదా. అప్పుడుగానీ దిండు మీంచి తల ఎత్తడు. ఆయన తల ఎత్తాడంటే రాష్ట్రంలో పార్టీవాళ్లందరి తలలూ దిండ్ల మీంచి లేస్తాయి. ఇంకాసేపు పడుకుందామనుకున్నవాడికి కూడా తప్పదు.

ఇందులో వింతేమీ లేదు. ఏకగ్రీవం అంటే ఒకే మెడ అని అర్థం. మిగతా పార్టీల్లో ఆ మాట నోటితో అంటారు, మినిట్సు పుస్తకంలో రాసుకుంటారు, లడ్లు పంచుకుంటారు, మధ్యాహ్నానికల్లా ఎవడి మెడ వాడు ఎటు కావాలంటే అటు తిప్పుకుంటాడు. కర్షక సమితివాళ్లు అట్లా కాదు. అన్న మాట మీద నిలబడే రకం. మూడేళ్లకోసారి తిరుపతిలో మహాసభ పెట్టి, చేతులెత్తి, బాలచంద్రను రాష్ట్ర అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నుకుంటే, మళ్లీ మహాసభ దాకా అందరికీ మెడ ఒకటే. ఆయన ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఆయన మెడ పట్టేస్తే అందరి మెడలూ పట్టేస్తాయి. ఐదు మహాసభలుగా ఇదే వరస.

పార్టీ చిన్నదే. గుర్తు చాట. చెరిగేకొద్దీ గింజలు తగ్గి పొల్లు మిగిలిన పార్టీ అని ఎగతాళి చేసేవాళ్లున్నారు. ఒకప్పుడు ఇద్దరు ఎమ్మెల్యేలుండేవాళ్లు. ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక సర్పంచి, కొందరు వార్డు మెంబర్లు. అయినా పెద్ద పార్టీలవాళ్లు కుళ్లుకునే సంగతి ఒకటుంది. చాట పార్టీ నుంచి ఇంతవరకు ఒక్కడూ గోడ దూకలేదు. దూకాలంటే ముందు గోడ అవతలికి చూడాలి. చూడాలంటే మెడ తిరగాలి. ఆ మెడేమో బాలచంద్ర దగ్గరుంది.

లాభం లేకపోలేదు. చిత్తూరులో చెరకు రైతుల కోసం ధర్నాకు కూర్చున్నప్పుడు ఒక పెద్ద ఆఫీసరు మెట్ల మీదికొచ్చి, కుదరదు, లేచిపొండి అన్నాడు. బాలచంద్ర మెల్లగా ఆయనవైపు తల తిప్పాడు. ఎండలో కూర్చున్న వందల తలలు ఒక్కసారిగా తిరిగాయి. ఆఫీసరు లోపలికి పోయి సంతకం పెట్టి పంపించాడు.

నష్టం కూడా లేకపోలేదు. పలమనేరు ఎల్లప్ప ఊరికే ధర తెలుసుకుందామని ఆవును సంతకు తోలుకుపోయాడు. దళారి ఏదో ధర చెప్పి “ఇచ్చేస్తావా?” అన్నాడు. సరిగ్గా అప్పుడే ఇక్కడ తిరుపతిలో పంకజాక్షి “కాఫీ తాగతావా?” అని మొగుణ్ణి అడిగింది. బాలచంద్ర తలూపాడు. సంతలో తలూపితే మాట ఇచ్చినట్టే. ఆవు పోయింది. ఎల్లప్ప పెళ్లాం సిద్ధమ్మ వారం రోజులు మొగుడికి అన్నం పెట్టలేదు. ఎల్లప్ప మాత్రం అధ్యక్షుణ్ణి ఒక్క మాట అనలేదు. “అన్న కాఫీ తాగినాడు, నాకు ఆవు పోయినాది, ఏం జేస్తాం” అని కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఆ కబురు చెవినపడ్డ రోజు నుంచి బాలచంద్ర తలూపడం మానేశాడు. ఊ అంటాడు, ఊహూ అంటాడు. రోడ్డు దాటేటప్పుడు కళ్లు మాత్రం తిప్పుతాడు. ఎక్కడో పిట్ట కూస్తే చెవితో విని సరిపెట్టుకుంటాడు. తన తల ఒకటి వాలిందంటే ఏ ఊళ్లో ఎవడు మెట్ల మీంచి పడతాడో, ఎవడి సైకిలు కాలవలోకి పోతుందో అని ఎప్పుడూ బెరుకే. పత్రికలవాళ్లకు ఇవన్నీ ఎందుకు, ‘తల వంచని నేత’ అని రాసుకుంటూ వచ్చారు.

అందరికంటే దగ్గరున్న మెడ పంకజాక్షిది. ఆమెకు రాజకీయాలంటే గిట్టదు. సభలో మూడోవంతు ఆడవాళ్లు లేకపోతే ఎన్నిక చెల్లదని బాలచంద్రే పార్టీ నియమావళి రాశాడు. తీరా మొదటి మహాసభలో లెక్కపెడితే ఒకరు తక్కువయ్యారు. వంటశాలలో సాంబారు రుచి చూస్తున్న పెళ్లాన్ని పిలిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, సభ్యత్వం రాసేశారు. చేయి ఎత్తమంటే ఎత్తింది. పదిహేనేళ్లయింది. అప్పటినుంచి మొగుడూ పెళ్లాలు పక్కపక్కన కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు. ఆయన ఎడమకు తిరిగి ఆమెను చూడబోతే ఆమె మెడ కూడా ఎడమకే తిరిగి కిటికీని చూస్తుంది. ఎదురెదురుగా కూర్చోవచ్చు కదా అంటారేమో. కూర్చుంటారు, అన్నం దగ్గర. ముద్ద కోసం ఆయన తల వంచితే ఆమె తలా వంగుతుంది. ఇద్దరూ ఎవరి పళ్లెం వాళ్లు చూసుకుని లేస్తారు.

ఈసారి మహాసభ నెలరోజుల్లో ఉందనగా బాలచంద్ర మెడ మొండికేసింది. ఆసుపత్రిలో ఫోటోలు తీసి, ఎముకలు అరిగిపోయాయి, కోసి సరిచెయ్యాలన్నారు. కోత మాట వినగానే గ్రూపులో గగ్గోలు పుట్టింది. ఎవరి మెడ మీదికి వస్తుందో తెలియని కోతకు ఎవరు ఒప్పుకుంటారు. అందుకని ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు పోయి కట్టు కట్టించుకుందామని నిశ్చయించారు. కారులో ముందు సీట్లో పార్టీ ప్రధాన కార్యదర్శి మునిచంద్ర కూర్చున్నాడు. చిత్తూరులో పంతులుగా చేసి రిటైరైన మనిషి, పార్టీ పుట్టినప్పటి నుంచి బాలచంద్రతోనే ఉన్నాడు. వెనక మొగుడూ పెళ్లాలు. డ్రైవరు పార్టీ మనిషి కాదు. పార్టీ మనుషులు బండి నడపకూడదని మొదట్లోనే తీర్మానం చేసుకున్నారు.

కట్టు కట్టే మునిరామయ్య ముసలాయన, మాటలపోగు. మెడ మీద చేయి వేసి నొక్కి నొక్కి చూశాడు.

“ఏమప్పా, నెత్తిన ఏం మోస్తావు నువ్వు?”

“ఏం మోస్తాను. పార్టీకి అధ్యక్షుణ్ణి,” అన్నాడు బాలచంద్ర.

“ఎంతమంది?”

“నాలుగొందల పైమాటే. నెల తిరిగితే సభలో ఇంకో మూడేండ్లకు ఎన్నుకుంటారు,” అన్నాడు మునిచంద్ర ముందుకొచ్చి.

“అదీ సంగతి. నా కాడుండే బద్దలు ఒక్క తలకాయికి సరిపోతాయప్పా. నాలుగొందల తలకాయలకు నేను యాడ తెచ్చేది?” అని గొణుక్కుంటూనే ముసలాయన గడ్డం కింద ఒక చేయి, వెనక ఒక చేయి పెట్టి, చుట్టూ చూసినట్టే చూసి ఒక్క గుంజు గుంజాడు. టక్కుమంది.

గ్రూపులో ముందుగా చెప్పడం మరిచిపోయారు. సూళ్లూరుపేటలో పార్టీ ఉపాధ్యక్షుడు జయచంద్ర గడ్డం గీయించుకుంటున్నాడు. కత్తి చెంప మీద జానెడు గీత గీసింది. పలమనేరులో ఎల్లప్ప గడ్డిమోపు కింద పడేసి “సచ్చిపోయినా” అని కూలబడ్డాడు. పక్కనే నిలబడ్డ మునిచంద్ర, గడపలో కూర్చున్న పంకజాక్షి ఒకేసారి అబ్బా అన్నారు. మునిరామయ్య ఇదేమీ పట్టించుకోకుండా ఆకుపసరు రాసి, కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెదురుబద్దలు పెట్టి గుడ్డ బిగించాడు.

“సభ ముగిసినాక రా, విప్పతాను. అందాక కదిలించొద్దు. ఇంకొక మాట సెప్తాండా, ఇను. ఇంకో మూడేండ్లు ఇదే బరువు మోస్తే ఇది ఏ కట్టుకూ లొంగదు. ఎటు తిరిగుంటే అటే బిగుసుకోని పోతాది,” అన్నాడు.

మెడ కదలకుండా ఉంటే అందరికీ సుఖమే కదా అనుకుంటూ తిరుపతి వచ్చాడు బాలచంద్ర. పొద్దుగూకేలోగా ఫోన్లు మొదలయ్యాయి. రాష్ట్రమంతా మెడలు గుంజ పాతినట్టు నిటారుగా నిలిచిపోయాయి.

“అన్నా, మిగిలిన ఆవు పొదుగు కనపడ్డంలా. తడుముకోని పిండతాండా. రెండుసార్లు తన్నినాది,” అన్నాడు ఎల్లప్ప.

చిత్తూరు మహిళా విభాగం చూసే స్టెల్లా గొంతు తగ్గించి మాట్లాడింది. “చర్చిలో అందురూ తలొంచుకోనుంటే నేనొక్కదాన్నే దేవునికి ఎదురుగా గుడ్లు మిటకరించుకోని నిలబడుండాను అన్నా. ఫాదరు ఏమనుకున్నాడో ఏమో.”

“రవంత ఓర్చుకోమ్మా,” అన్నాడు బాలచంద్ర. ఎల్లప్పకూ అదే చెప్పాడు. జయచంద్ర మాత్రం ఫోను చేయలేదు. చెంప మీద పట్టీతో ఫోటో తీసి గ్రూపులో పెట్టి ఊరుకున్నాడు. ఆ ఫోటో కింద చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. దాని అర్థం ఏమిటో ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకోవచ్చు.

పోటీ లేకపోయినా జిల్లాలు తిరగాలి, మద్దతు అడగాలి. అది పద్ధతి. కట్టుతోనే తిరిగాడు. పోయినచోటల్లా కట్టు మీద పూలదండలు వేశారు. తడి పూలకు గుడ్డ నానింది. “మీరే ఉండల్లన్నా, మీరు కాకుంటే ఇంకెవురు,” అన్నారు అందరూ. అనేటప్పుడు ఎవరి గొంతులోనూ ఉత్సాహం లేదు. అట్లాగని కపటమూ లేదు. పొద్దున్నే పళ్లు తోముకున్నట్టు అనేసి, బిగుసుకున్న మెడలతో ఇళ్లకు పోయారు. బాలచంద్రకు పదవి మీద ఆశ లేదంటే అబద్ధం. కాకపోతే ఆశ ఎప్పుడో పాతబడి అలవాటైపోయింది. ఈ కుర్చీ లేకపోతే పొద్దున లేచి తను ఎవరి కోసం జాగ్రత్తగా ఉండాలో ఆయనకు తెలియదు. అలసిపోయానని తనకు తెలుసు. దిగితే ఏమవుతుందో అంతకంటే బాగా తెలుసు.

తెలియకపోతే చెప్పడానికి మునిచంద్ర ఉన్నాడు. మహాసభకు ముందురోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి, వసారాలో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

“జయచంద్ర పెద్ద పార్టీ వాళ్లతో మాట్లాడేసినాడన్నా. మెడ ఒక్క దినం ఖాళీ అయితే సాలు, సగం పార్టీని ఎత్తుకోని పోతాడు.”

“అట్లయితే రేపు ఆయప్పనే చెయ్యి ఎత్తకుండా ఉండమను. ధైర్యముంటే.”

“ఎత్తతాడు. అందరికన్నా ముందు ఎత్తతాడు. ద్రోహి అనే పేరు ఆయనకెందుకు? ఎవురో ఒకరు ఎత్తకుండా ఉంటే బాగుండునని కాసుకోనుండాడు. ఒక్క చెయ్యి తగ్గినా అది ఏకగ్రీవం కాదు. మీరు గెలుస్తారు, అది వేరే సంగతి. మెడలు మాత్రం కలవవు.”

“ఆడోళ్ల లెక్క?”

“శానామంది మానుకున్నారు. వదినతో సరిపోతాది. వదిన రాకుంటే సభే సెల్లదు,” అన్నాడు మునిచంద్ర, కాఫీ తెస్తున్న పంకజాక్షికి వినబడేట్టు.

పంకజాక్షి కాఫీ ఇచ్చి లోపలికి పోయింది. మునిచంద్ర వెళ్లిన తర్వాత వచ్చి గోడకానుకుని నిలబడింది.

“ఈ తూరి నేను రాను.”

“ఇదే కడాసారి పంకజా.”

“అయిదు తూర్లూ ఇదే మాట సెప్పినావు.”

“పార్టీ పోతాది.”

“పోతే పోనీ అని నేను అన్లేదే. రానంటాండా, అంతే.”

ఆమె జవాబు కోసం నిలబడకుండా లోపలికి పోయింది. సాయంత్రం చూస్తే మంచం మీద చీర పరుచుకుని ఇస్త్రీ చేస్తూ ఉంది. రేపు కట్టుకునే చీర. నిటారు మెడతో చీర కనపడక, ఇస్త్రీపెట్టెను చేత్తో తడుముకుంటూ తోస్తోంది. బాలచంద్ర గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాడు.

రేణిగుంట రోడ్డులో కల్యాణమండపం. గుమ్మానికి అరటిచెట్లు కట్టారు. లోపల కుర్చీల నిండా నిటారు మెడలు. రైతుకు గిట్టుబాటు ధర తీర్మానం చేశారు, టమాటాకు శీతల గిడ్డంగుల తీర్మానం చేశారు, పోయిన మహాసభ నాడు చేసిన తీర్మానాలే మళ్లీ చేశారు. తర్వాత మునిచంద్ర మైకు దగ్గరకొచ్చి, “పాత కార్యవర్గం రద్దయింది. టీ తాగి రండి,” అన్నాడు.

ఈ పార్టీలో సభ్యత్వం కట్టేవాళ్లలో సగంమంది ఆ టీ కోసమే కడతారంటే అబద్ధం కాదు. పాత కార్యవర్గం పోయి కొత్తది రాని ఆ కాస్తసేపు ఎవరి మెడ వాళ్లది. ఆ మాట వినబడగానే హాలంతా తలలు తిరిగాయి. కొందరు పైకి చూశారు. కొందరు వంగి తమ కాళ్లే చూసుకున్నారు. స్టెల్లా తల వంచి కళ్లు మూసుకుని పెదాలు కదిలించింది, బాకీపడ్డ ప్రార్థనలన్నీ ఒక్కసారిగా చేసేస్తున్నట్టుంది. ఎల్లప్ప వెనకున్నవాణ్ణి తిరిగి చూసి, “నువ్వా? మూడేండ్ల నుంచి నా ఎనక కుర్చీలో కూర్చునేది నువ్వేనా?” అన్నాడు. జయచంద్ర మెడను అటూ ఇటూ విరుచుకుంటూ, కిటికీలోంచి రోడ్డు మీద ఆగి ఉన్న పెద్ద పార్టీవాళ్ల కారు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఐదు మహాసభల్లోనూ ఈ టీ సమయంలో బాలచంద్ర వెనకగదిలో పదవులు పంచుతూ ఉండేవాడు. ఆయన మెడ ఖాళీ అయిన సంగతి ఆయనకే తెలిసేది కాదు. ఈసారి కట్టుతో అటూ ఇటూ తిరగలేక వేదిక మీదే ఉండిపోయాడు. పంకజాక్షి టీ గ్లాసులో కొబ్బరిబొండాం గొట్టం వేసి తెచ్చింది. తల ఎత్తకుండా తాగాలంటే అదే దారి. గ్లాసు ఆయన చేతిలో పెట్టి, పక్క కుర్చీలో కూర్చుని, మెడ తిప్పింది.



“ఏం సూస్తాండావు?” అన్నాడు బాలచంద్ర, ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ.

“నిన్నే.”

“అందురూ మనల్నే సూస్తారు.”

“సూడనీ. సెవి మింద ఇంతింత ఎంటికలు మొలిచినాయే. ఎవురూ సెప్పలేదా నీకు?”

“ఎవురు సెప్తారు? నా పక్కన కూసునేది అంతా పార్టీవోళ్లే.”

బాలచంద్ర ఆమె వైపు తిరగబోయాడు. వెదురుబద్ద దవడ కింద గుచ్చుకుంది. కళ్లు ఎంత పక్కకు తిప్పినా ఆమె చీర అంచు, ఒక మోచేయి తప్ప ఏమీ కనపడలేదు.

“నువ్వెట్లుండావు?” అన్నాడు. అడిగిన తర్వాత తనకే ఎబ్బెట్టుగా అనిపించింది. కట్టుకున్న పెళ్లాన్ని అడిగే మాటేనా అది.

“ఎట్లుంటాను. ఈడ సెవి కింద కాలినాది. పోయిన ఉగాదికి.”

“కాలినాదా? ఎట్ల?”

“వడలు కాలుస్తాండాను. వసారాలో ఎవురో ఎనక నుంచి పేరు పెట్టి పిలిచినారు నిన్ను. నువ్వు తిరిగినావు. నా మెడా తిరిగినాది. వడ సేతిలోనించి జారి మూకుట్లో పడినాది. నూనె సిందినాది.”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టే చెప్పింది.

“నాకెందుకు సెప్పలేదు?”

“సెప్తే ఏం జేస్తావు? ఇంకా బిగుసుకుంటావు. ఇప్పటికే ఎండుకట్టెలాగుండావు.”

ఉగాది తర్వాత ఆమె పైట మెడ చుట్టూ కప్పుకుని తిరగడం బాలచంద్రకు గుర్తుంది. వయసు మీద పడి చలి పెడుతోందేమో అనుకున్నాడు. ఎండాకాలంలో చలేమిటని అనుకోలేదు. టీ గ్లాసు కింద పెట్టి, చేయి గాలిలోకి చాచి, “యాడ?” అన్నాడు.

పంకజాక్షి చుట్టూ చూసింది. పైట తీసి, ఆయన చేతిని తన కుడిచేత్తో పట్టుకుని, వేళ్లను చెవి కింద ఆనించింది. అక్కడ చర్మం మడతలు పడి నున్నగా ఉంది. చిన్న మచ్చ కాదు. దవడ నుంచి భుజం దాకా వేళ్లు పోతూనే ఉన్నాయి. కాసేపటికి ఆమె ఆయన చేతిని కిందికి దించింది. ఆయన మాత్రం ఆమె చేయి వదల్లేదు.

మైకు కీచుమంది. అందరూ కుర్చీల్లోకి వచ్చారు. మునిచంద్ర గొంతు సవరించుకున్నాడు.

“రాష్ట్ర అధ్యక్ష పదవికి ఒకే ఒక్క పేరు వచ్చినాది. మన అన్న, బాలచంద్ర గారు. బలపరిచేవాళ్లు చేతులెత్తండి.”

జయచంద్ర చేయి అందరికంటే ముందు లేచింది. చెంప మీద పట్టీ ఇంకా ఉంది. వరసలు వరసలుగా చేతులు లేచాయి. స్టెల్లా ఎత్తింది. ఎల్లప్ప సూది మందుకు చేయి చాచినవాడిలా కళ్లు గట్టిగా మూసుకుని ఎత్తాడు. అందరూ ఆఖరిసారి అటూ ఇటూ చూసుకుంటున్నారు, మళ్లీ మూడేళ్ల దాకా ఈ చూపు దొరకదని. మునిచంద్ర ముందు వరస నుంచి వెనక గుమ్మం దాకా వేలితో లెక్కపెట్టుకుంటూ పోయి, వేదిక మీదికి తిరిగి ఆగిపోయాడు.

“వదినా, చెయ్యి.”

పంకజాక్షి చేయి పైకి లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది. బాలచంద్ర పట్టు ఇంకాస్త బిగించాడు.

“నా చెయ్యి ఆయన పట్టుకోనుండాడు,” అంది.

ఆ మాట మైకులో పడి హాలంతా వినబడింది. ఎవరూ నవ్వలేదు. మునిచంద్ర మైకును చేత్తో మూసి, వంగి బాలచంద్ర చెవిలో మాట్లాడాడు.

“అన్నా, వదలండి. వదిన చెయ్యి ఒక్కటే తక్కువ. వదిలితే ఏకగ్రీవం.”

“తెలుసు.”

“అధ్యక్షుడు ఎట్లైనా మీరే. అయితే పార్టీ మిగలదన్నా.”

“అదీ తెలుసు మునిచంద్రా.”

మునిచంద్ర కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల కష్టం. ఆయన పంకజాక్షి వైపు తిరిగాడు.

“పోనీ, ఆ చెయ్యైనా ఎత్తు వదినా.”

పంకజాక్షి తన ఎడమచేతిని చూసుకుంది. ఖాళీగానే ఉంది. హాలులో అన్ని చేతులూ పైకి లేచి, అన్ని కళ్లూ ఆ ఒక్క చేతి మీదే ఉన్నాయి. ఆమె దాన్ని మెల్లగా ఒళ్లో పెట్టుకుని, పైట కొంగు కప్పింది.

“మంచి పనికి ఎడం చెయ్యి ఎత్తకూడదప్పా,” అంది.

మునిచంద్ర మైకు మీంచి చేయి తీశాడు. అలవాటు కొద్దీ “ఏక” అన్నాడు. అని ఆగిపోయాడు. హాలులో అందరూ ఊపిరి బిగబట్టి, మెడలు నిలిపి, ఎప్పటిలా లోపల కొక్కెం పడ్డట్టు కలుక్కుమంటుందని ఎదురుచూశారు.

“అత్యధిక మెజారిటీతో,” అన్నాడు మునిచంద్ర, “బాలచంద్ర గారు ఎన్నికైనారు.”

చప్పట్లు కొట్టారు. కొడుతూ కొడుతూ ఎవరో పక్కకు చూశారు. ఏమీ కాలేదు. ఇంకొకరు వెనక్కి చూశారు. ఆ తర్వాత ఏ తల ఎటు తిరిగిందో చెప్పడం ఎవరివల్లా కాదు. జయచంద్ర చేయి దించి, పట్టీ తడుముకుని, కారున్న వైపు మెడ నిండుగా తిప్పి చూశాడు. తిప్పిన మెడ మళ్లీ వేదిక వైపు తిరగలేదు. అటే నడిచాడు. ఆయన వెనక ఒక వరస లేచింది. ఇంకో వరస లేవాలా వద్దా అని కూర్చుంది, తర్వాత అదీ లేచింది. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. వినాయక చవితి నాటికి సగానికి పైగా పార్టీ పెద్ద పార్టీలో కలిసిపోయింది. ‘అధ్యక్షుడి ఇంట్లోనే అసమ్మతి’ అని పత్రికలు చిన్న పెట్టె కట్టి వేశాయి. ఎల్లప్ప మాత్రం ఎటూ పోలేదు. ఎటు పోవాలో తేల్చుకోలేక పలమనేరు బస్సెక్కాడు.

హాలు ఖాళీ అయింది. కూలీలు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపుతున్నారు. మునిచంద్ర గుమ్మం దగ్గర మెట్ల మీద ఒంటరిగా కూర్చున్నాడు. వేదిక మీద ఇద్దరూ ఇంకా లేవలేదు.

“ఇంక వదులు. తిమ్మిరెక్కినాది,” అంది పంకజాక్షి.

“ఉండనీ రవంతసేపు.”

ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు.

“ఇంకా సూస్తానే ఉండావా?” అన్నాడు గోడ వైపు చూస్తూ.

“ఆఁ.”

“ఎట్లుండాను?”

“ముసిలోడివైపోయినావు.”

బాలచంద్రకు నవ్వొచ్చింది. ఎప్పుడు నవ్వాడో ఏమో, మెడ ఆ అదురుకు అలవాటుపడి లేదు. నరం ఒకటి చురుక్కుమని వీపు దాకా లాగింది. పళ్లు బిగబట్టి, కళ్లు మూసుకున్నాడు.

“ఏమైనాది?” అంది పంకజాక్షి.

పదిహేనేళ్లలో ఆమె ఆ మాట అడగాల్సి రావడం అదే మొదటిసారి. ఎక్కడ నొప్పి పుట్టిందో, ఎందాక లాగుతోందో, బాలచంద్ర ఆమెకు చెప్పడం మొదలుపెట్టాడు.